అంతస్తులు పెరిగాయి.. లాభం నేలకే చేరింది

కోకాపేట నియోపోలిస్‌లో 2025 నవంబరు చివర్లో హైదరాబాద్‌ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేలం వేసిన ప్లాట్లలో ఒకటి ఎకరా 151.25 కోట్ల రూపాయలకు పోయింది. అంతకుముందు నెలలో రాయదుర్గం నాలెడ్జ్‌ సిటీలో తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (టీజీఐఐసీ) నిర్వహించిన వేలంలో ఎకరా 177 కోట్లు పలికింది. ఇదే కోకాపేటలో గరిష్ఠ ధర 2021 జులైలో 60.20 కోట్లు, 2023 ఆగస్టులో 100.75 కోట్లు. గజాల్లో చెప్పుకొంటే 2025 ధర ప్రకారం అక్కడ గజం మూడు లక్షలు దాటింది. రికార్డు బద్దలైన ప్రతిసారీ అధికారంలో ఉన్నది ఏ పార్టీ అయినా దాన్ని హైదరాబాద్‌ ఎదుగుదలకు గుర్తుగా చాటుకుంది. ఎదుగుదల నిజమే. అయితే ఆ నేల మీద లేచే నలభై, యాభై అంతస్తుల భవనాల్లో, పక్కనే ఉన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎంతమంది ఇల్లు కొనుక్కోగలరన్న లెక్క ఎవరూ వేయడం లేదు. వేసి చూస్తే ఒక సంగతి తేలుతుంది. భవనాల ఎత్తుకు పరిమితి తీసేయడం వల్ల కలిగిన లాభం పడమటి హైదరాబాద్‌లో ఇల్లు కొనేవాడి దాకా రాలేదు. మధ్యలోనే భూమి ధర దాన్ని మింగేసింది. ఆఫీసులన్నీ ఒకే దిక్కున పోగుపడుతున్నంత కాలం, ప్రభుత్వం ఆ దిక్కునే షరతుల్లేకుండా భూములు అమ్ముకుంటున్నంత కాలం ఇంకెన్ని అంతస్తులు లేపినా ఇదే జరుగుతుంది.

ఎత్తుకు పరిమితి తీసేసింది 2006 మార్చిలో వచ్చిన జీవో 86. ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పద్ధతిని అది పక్కనపెట్టింది. రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, ఎత్తును బట్టి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌ అన్న సూత్రం తెచ్చింది. 2012 ఏప్రిల్‌ నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. తగినంత స్థలం, ముందు వంద అడుగుల రోడ్డు ఉంటే అగ్నిమాపక, విమానాశ్రయ అనుమతులకు లోబడి ఎన్ని అంతస్తులైనా కట్టుకోవచ్చు. ముంబయి, బెంగళూరు, చెన్నై బిల్డర్లకు ఈ వెసులుబాటు లేదు. దీనికి 158 కిలోమీటర్ల అవుటర్‌ రింగ్‌ రోడ్డు తోడై కొత్త నేలను అందుబాటులోకి తెచ్చింది. సముద్రం అడ్డులేని పీఠభూమి కావడంతో నగరం అన్ని వైపులకూ విస్తరించగలిగింది. కూకట్‌పల్లి, మియాపూర్‌, కొండాపూర్‌, మణికొండల్లో స్టిల్ట్‌ మీద ఐదంతస్తుల అపార్టుమెంట్లు వేల సంఖ్యలో లేచాయి. ఇద్దరు సంపాదించే కుటుంబం ఇరవై ఏళ్ల హోమ్‌ లోన్‌తో 1,100 అడుగుల డబుల్‌ బెడ్‌రూమ్‌ కొనుక్కోగలిగింది. ఆ అపార్టుమెంట్లలో చాలావాటి వెనక ఉన్నది డెవలప్‌మెంట్‌ అగ్రిమెంట్‌. స్థలం యజమానిది, పెట్టుబడి బిల్డర్‌ది, ఫ్లాట్లు ఇద్దరికీ సగం సగమో, అటూ ఇటూగానో. భూమి కోసం బిల్డర్‌ ముందే కోట్లు కుమ్మరించే పని లేదు. అమ్ముడుపోయే దాకా వడ్డీ మోసే పని అంతకన్నా లేదు.

వేలం భూమి ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఎకరాలో నాలుగున్నర లక్షల చదరపు అడుగులు అమ్మకానికి వస్తాయనుకుందాం. అంటే స్థలం విస్తీర్ణానికి పది రెట్లకు పైమాటే. బిల్డర్‌కు ఇది చాలా అనుకూలమైన అంచనా. ఈ అంచనాతోనే చూసినా, 2021 గరిష్ఠ ధరకు భూమి కొన్నవాడికి అడుగుకు భూమి ఖర్చు సుమారు 1,340 రూపాయలు పడుతుంది. 2023 ధరకు 2,240, 2025 ధరకు 3,360. ఇందులో సిమెంటు లేదు, స్టీలు లేదు, కూలి లేదు, వడ్డీ లేదు. ఇప్పుడు కేంద్రం ‘అందుబాటు ఇల్లు’గా గుర్తించి ఒక్క శాతం జీఎస్టీ వేసే ఫ్లాటును ఇక్కడ పెట్టి చూద్దాం. 2019 నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం హైదరాబాద్‌ వంటి నగరాల్లో దాని కార్పెట్‌ ఏరియా 60 చదరపు మీటర్లు, అంటే దాదాపు 646 అడుగులు మించకూడదు. ధర 45 లక్షలు దాటకూడదు. గోడలు, కారిడార్లు, లిఫ్టులు, క్లబ్‌హౌస్‌ వాటా కలుపుకొంటే బిల్డర్‌ లెక్కలో అది 900 అడుగుల ఫ్లాటు అవుతుంది. 3,360 చొప్పున భూమికే 30 లక్షలు పైచిలుకు పోతుంది. మిగిలేది అడుగుకు 1,640 రూపాయలు. ఆ డబ్బుతో ఐదంతస్తుల అపార్టుమెంటే లేవదు, నలభై అంతస్తుల మాట దేవుడెరుగు. పైగా ఎత్తు పెరిగేకొద్దీ అడుగు ఖర్చు పెరుగుతుందే కానీ తగ్గదు. వేగంగా నడిచే లిఫ్టులు, అగ్నిమాపక ఏర్పాట్లు, మూడు నాలుగు సెల్లార్లు, బలమైన పునాదులు, నాలుగైదేళ్ల నిర్మాణ కాలానికి వడ్డీ అన్నీ మీద పడతాయి. కాబట్టి అక్కడ చిన్న ఫ్లాటు కట్టడానికి బిల్డర్‌కు కారణమే లేదు. అడుగు ధర చూసి వెనకాడని కొనుగోలుదారు కోసం రెండున్నర, మూడు వేల అడుగుల ఫ్లాట్లు కడుతున్నాడు.

కొనేవాళ్లు ఎందుకు ఎగబడుతున్నారంటే పని అక్కడే ఉంది. 1998 నవంబరులో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైనప్పుడు మాదాపూర్‌ నగరం అంచు. పాతికేళ్లలో ఆఫీసులు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్‌ డిస్ట్రిక్ట్‌ మీదుగా కోకాపేట గుమ్మం దాకా వచ్చాయి. 2019లో నానక్‌రామ్‌గూడలో తెరిచిన అమెజాన్‌ భవనం ఒక్కటే 15 వేల మంది పనిచేయడానికి కట్టింది. ఒక కంపెనీ వెంట ఇంకో కంపెనీ రావడంలో వింత లేదు. అనుభవమున్న ఉద్యోగులు అక్కడే దొరుకుతారు, విమానాశ్రయానికి అవుటర్‌ మీదుగా అరగంట. అయితే ఆఫీసుల పక్కనున్న ఖాళీ స్థలం మళ్లీ ఆఫీసు కావాలా, అపార్టుమెంటు కావాలా అన్నది బిల్డర్‌ డబ్బు లెక్క తేలుస్తుంది. ఆఫీసు భవనం కట్టాలంటే అద్దెకు పోయే దాకా పెట్టుబడి మొత్తం తానే మోయాలి. అపార్టుమెంటు అయితే కొనేవాళ్లు కట్టే వాయిదాలతోనే పని నడుస్తుంది. ఎకరాకు వంద కోట్లు పోసినవాడికి ఆ వాయిదాలే ఊపిరి. అందుకే నియోపోలిస్‌ లాంటి బహుళ వినియోగ భూముల్లో ఇళ్లకే మొగ్గు కనిపిస్తోంది. ఆఫీసులు భూమికి గిరాకీ తెస్తాయి, ఆ గిరాకీని ఖరీదైన ఇళ్లు సొమ్ము చేసుకుంటాయి, ఆఫీసులో మధ్యస్థాయి ఉద్యోగి మాత్రం రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చోవాల్సిన దూరానికి జరుగుతాడు.

భూమి ధర భారం కొనుగోలుదారు మీదికి దిగే దారి మరొకటి ఉంది. ప్రైవేటు బిల్డర్లకు భూమి కొనుగోలు కోసం బ్యాంకులు అప్పు ఇవ్వకూడదన్నది రిజర్వ్‌ బ్యాంకు నిబంధన. కాబట్టి భూమి డబ్బు సొంత జేబు నుంచో, అధిక వడ్డీకి ఇచ్చే ఫైనాన్స్‌ సంస్థల నుంచో రావాలి. ఈ రెండూ లేనివాడికి కనిపించే దారి ప్రీ లాంచ్‌. అనుమతులు రాకముందే, కొన్నిసార్లు భూమి పూర్తిగా చేతికి రాకముందే, ‘ఇప్పుడు మొత్తం కడితే సగం ధరకే’ అని ఆశపెట్టి అవిభాజ్య వాటా పేరిట డబ్బు వసూలు చేయడం. రెరా చట్టం 2016లోనే దీనికి తలుపు మూసింది. రిజిస్ట్రేషన్‌ నంబరు లేకుండా ఫ్లాటుకు ప్రకటన ఇవ్వడమే నేరం. ఒప్పందం రాసుకోకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. అయినా హైదరాబాద్‌లో ప్రీ లాంచ్‌ బాధితులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. దీన్ని కేవలం కొందరు మోసగాళ్ల పాపంగానో, కొనేవాళ్ల అత్యాశగానో తోసిపుచ్చడం తేలిక. చట్టబద్ధంగా కట్టిన ఇల్లు తాహతుకు అందనంత దూరం పోయినప్పుడు, అందులో సగం ధర చెప్పినవాడి మాట నమ్మబుద్ధవుతుంది. పోలీసు కేసులతో కొందరు జైలుకు పోవచ్చు, ఆ ఆశకు కారణమైన ధర అక్కడే ఉంటుంది.

భూమి ధరే లాభాన్ని మింగేస్తోందన్న వాదనకు గట్టి అభ్యంతరం అర్థశాస్త్రం వైపు నుంచి వస్తుంది. భూమి ధర ఫ్లాటు ధరకు కారణం కాదు, ఫలితం అంటారు. ఫ్లాటు అడుగు ఎంతకు పోతుందో చూసుకుని, ఖర్చులు, లాభం తీసేసి మిగిలినంతే బిల్డర్‌ వేలంలో పాడతాడు, వేలం ఆపేసినా ఫ్లాటు ధర దిగదు అంటారు. ఒక్క ప్లాటు వరకే చూస్తే ఇది నిజం. కానీ బిల్డర్‌ పాట పాడేది ఇవాళ్టి ధరను చూసి కాదు, నాలుగేళ్ల తర్వాత వస్తుందనుకునే ధరను చూసి. అంతకంటే ముఖ్యంగా, ప్రభుత్వ వేలం ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిపోయే ధర. మర్నాటి నుంచి నార్సింగి, గండిపేట, పుప్పాలగూడల్లో ప్రైవేటు స్థలం ఉన్న ప్రతి ఒక్కరూ ఆ అంకె పట్టుకునే బేరానికి కూర్చుంటారు. సగం సగానికి ఒప్పుకున్న యజమాని అరవై శాతం అడుగుతాడు, తొందరేముంది, ఇంకో వేలం చూసి అమ్ముదామనీ అనుకుంటాడు. అమ్మకానికి రావాల్సిన నేల ఆగిపోతుంది. ఇక భారీ ధరకు పాడుకున్న బిల్డర్‌కు తర్వాత గిరాకీ మందగించినా ధర దించే వీలుండదు, దించితే భూమి మీద పెట్టిందే తిరిగి రాదు. ఫలితమని చెబుతున్న ధర ఈ విధంగా మరుసటి విడత కారణమై కూర్చుంటుంది. ప్రభుత్వానిది ఒట్టి ప్రేక్షక పాత్రే అయితే ఇదంతా మార్కెట్‌ మాయ అని సరిపెట్టుకోవచ్చు. ఎప్పుడు, ఎంత, ఏ షరతులతో అమ్మాలో తేల్చేది తానే అయినప్పుడు ఆ సాకు చెల్లదు.

అలాగైతే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి మళ్లీ పెట్టేస్తే పోదా అన్నది రెండో వాదన. ఆకాశహర్మ్యాల నీడలో ఇరుకైపోతున్న రోడ్లను చూసినవాళ్లకు ఇది సబబుగానే తోస్తుంది. ముంబయి అనుభవం మాత్రం వేరుగా ఉంది. అక్కడ దశాబ్దాల పాటు ఎఫ్‌ఎస్‌ఐని బిగించి పట్టుకున్నారు. ఇళ్లు చవక కాకపోగా, అదనపు అంతస్తుల అనుమతి పెద్ద వ్యాపారమైంది. పరిమితి పెడితే ఉన్న కాస్త సరఫరా తగ్గి, ఇప్పటికే లేచిన టవర్లలో ఫ్లాట్లున్నవాళ్ల ఆస్తి విలువ పెరుగుతుంది. ఇల్లు లేనివాడికి ఒరిగేదేమీ ఉండదు. అయితే ఎత్తును రోడ్డు వెడల్పు ఒక్కదానితోనే ముడిపెట్టడం ఇకపై సరిపోదు. నలభై అంతస్తుల టవర్లు పక్కపక్కన పది లేస్తే ముందున్న వంద అడుగుల రోడ్డు మారదు, దాని మీదికి వచ్చే కార్లు వేలల్లో పెరుగుతాయి. నగరానికి తాగునీరు కృష్ణా, గోదావరి నదుల నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెస్తున్నారు. కోకాపేటకు ఆనుకునే గండిపేట చెరువు ఉంది. అంతమంది వాడే నీళ్లు, వదిలే మురుగు ఎటు పోతాయో తేల్చుకున్నాకే అంతస్తుల లెక్క తేల్చాలి. మెట్రో ఇప్పటికీ రాయదుర్గం దగ్గరే ఆగి ఉంది. అక్కడి నుంచి నియోపోలిస్‌కు 11.6 కిలోమీటర్ల లైను రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. రాష్ట్రం దాన్ని 2024 నవంబరులో కేంద్రానికి పంపింది. భూమి అమ్మకం 2021లోనే మొదలైంది. రైలు కంటే రిజిస్ట్రేషన్‌ ముందుండటమే ఇక్కడి అసలు లోపం.

ఖజానాకు డబ్బు కావాలి, వేలం ఆపితే పథకాలు ఎలా నడుస్తాయన్నది పాలకుల సమాధానం. డబ్బు అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ భూమి ఒకసారి అమ్మితే మళ్లీ రాదు. ఆ సొమ్ము ఏటా ఉండే ఖర్చులకు పోతే, ఆ భూమి మీద స్థిరపడే జనానికి కావాల్సిన రైలు, నీరు, మురుగు కాలువలకు మళ్లీ అప్పు చేయాల్సిందే. ఒక్క 2023 ఆగస్టు వేలంలోనే దాదాపు 45 ఎకరాలకు 3,300 కోట్ల పైచిలుకు వచ్చింది. 2024 నవంబరులో కేంద్రానికి పంపిన రెండో దశ మెట్రో ప్రతిపాదనలో 76.4 కిలోమీటర్లకు వేసిన అంచనా సుమారు 24 వేల కోట్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే, వేలం సొమ్ములో గణనీయమైన వాటాను అదే ప్రాంతపు రవాణాకు కేటాయించి ఉంటే పని ఎంత ముందుకు సాగేదో అర్థమవుతుంది. అవుటర్‌ దాటి వెళ్తే చవకగా స్థలాలున్నాయి, అక్కడ కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లకూ ఇదే జవాబు. దూరం సమస్య కాదు, దూరాన్ని దాటించే సాధనం లేకపోవడమే సమస్య. నాగోలు–రాయదుర్గం మెట్రో లైను 2019లో పూర్తయ్యాక ఉప్పల్‌, హబ్సిగూడల్లో ఉంటూ హైటెక్‌ సిటీలో పనిచేయడం వీలైంది. తూర్పు దిక్కున ఉన్న ఇల్లు పడమటి ఉద్యోగికి అందుబాటులోకి వచ్చింది. ఒక రైలు లైను చేయగలిగిన పనిని ఇంకో పాతిక టవర్లు చేయలేవు.

రైలు ఇంటిని ఆఫీసుకు దగ్గర చేస్తుంది. ఆఫీసునే ఇంటివైపు నడిపించే అవకాశం కూడా ఇప్పుడుంది. 2020లో అప్పటి ప్రభుత్వం గ్రిడ్‌ పాలసీ తెచ్చి ఐటీని నగరం నలుదిక్కులకూ విస్తరిస్తామంది. కండ్లకోయలో ఐటీ పార్కుకు 2022లో శంకుస్థాపన జరిగింది. ఉప్పల్‌లో, పోచారంలో పెద్ద ఐటీ క్యాంపస్‌లు అంతకుముందు నుంచే ఉన్నాయి. అయినా ప్రవాహం దిశ మారలేదు, ఎందుకంటే ప్రోత్సాహకాలు తూర్పున ప్రకటించి, రోడ్లు, ఫ్లైఓవర్లు, వేలాలు పడమరన సాగించారు. ఒకప్పుడు కంపెనీలను ఫలానా ప్రత్యేక ఆర్థిక మండలికి (సెజ్‌) కట్టిపడేసిన పన్ను మినహాయింపు 2020 తర్వాత మొదలైన యూనిట్లకు లేదు. కాబట్టి చోటు ఎంచుకోవడంలో కంపెనీలకు మునుపటి కంటే స్వేచ్ఛ ఉంది. సరిగ్గా ఈ సమయంలోనే, 2025 నవంబరులో, రాష్ట్ర ప్రభుత్వం అవుటర్‌ లోపలి పారిశ్రామికవాడల భూములను బహుళ వినియోగానికి మార్చే విధానం తెచ్చింది. బాలానగర్‌, జీడిమెట్ల, నాచారం, ఉప్పల్‌, కాటేదాన్‌ వంటి చోట్ల మొత్తం 9,292 ఎకరాలు ఇందులోకి వస్తాయి. రిజిస్ట్రేషన్‌ విలువలో 30 నుంచి 50 శాతం కడితే చాలు. దీని మీద రాజకీయ రచ్చ అంతా ఎవరికి ఎంత లాభమన్న దాని చుట్టూ తిరుగుతోంది. ఆ లెక్క అవసరమే. పరిశ్రమల పేరిట చవకగా ఇచ్చిన భూమి విలువ పెరిగితే అందులో ప్రజల వాటా తక్కువ కాకూడదు. అంతకంటే పెద్ద ప్రశ్న ఆ నేల మీద ఏం రావాలన్నది. ఈ భూముల్లోనూ షరతుల్లేకుండా లగ్జరీ టవర్లకే దారిస్తే, కోకాపేటలో జరిగిందే నాచారంలోనూ జరుగుతుంది.

కాబట్టి ప్రభుత్వం మార్చాల్సింది ముందుగా తన అమ్మకం పద్ధతిని. ఇకపై వేలం వేసే ప్రతి ప్లాటులో, మార్పిడికి అనుమతించే ప్రతి పారిశ్రామిక స్థలంలో ఇన్ని ఫ్లాట్లు 60 చదరపు మీటర్లలోపు ఉండాలని అమ్మకపు పత్రంలోనే రాయాలి. షరతు వల్ల వేలం ధర కొంత తగ్గుతుంది. భూమిలోకి పోతున్న లాభాన్ని ఇంటి వైపు మళ్లించే మార్గం అదే. చిన్న ఫ్లాట్లు పెడితే ప్రాజెక్టు ‘స్థాయి’ తగ్గుతుందని బిల్డర్లు గునుస్తారు. భూమి ఆ మేరకు చవకగా వచ్చినప్పుడు ఆ గొణుగుడుకు విలువ ఇవ్వనక్కర్లేదు. వేలం రాబడిలో నిర్ణీత శాతాన్ని అదే ప్రాంతపు రవాణా, నీరు, మురుగు వ్యవస్థల కోసం విడి ఖాతాలో ఉంచాలి. కొనుగోలుదారుల సొమ్ముకు 70 శాతం ఖాతా పెట్టమని బిల్డర్‌ను శాసించిన ప్రభుత్వం తన రాబడికీ అలాంటి క్రమశిక్షణ విధించుకోలేనంటే ఎవరూ నమ్మరు. తూర్పు, ఉత్తర పారిశ్రామికవాడల మార్పిడిలో ఆఫీసు విస్తీర్ణానికి తప్పనిసరి వాటా ఉండాలి. అదే కట్టేవాడికి మార్పిడి ఫీజులో రాయితీ ఇవ్వాలి. కేంద్రం వైపు నుంచి, ఏళ్లుగా కదలని 45 లక్షల గీతను నగరాల వాస్తవ ధరలకు తగ్గట్టు సవరించాలి. ఇవేవీ కొత్త చట్టాలు అడిగే పనులు కావు. చాలావరకు ఒక జీవోతో, ఒక వేలం ప్రకటనలోని షరతులతో అయ్యేవే. ఎకరా ధర ఎంత పలికిందన్న దాన్ని బట్టి నగరం బాగును కొలవడం ప్రభుత్వం మానుకోవాలి. వచ్చే వేలం ప్రకటనలో గరిష్ఠ ధరతో పాటు, ఆ నేల మీద నగరంలో పనిచేసే మామూలు కుటుంబానికి ఎన్ని ఇళ్లు దక్కుతాయో కూడా ప్రభుత్వం చెప్పాలి. ఆ అంకె చెప్పలేని వేలాన్ని విజయమని ప్రకటించుకునే హక్కు దానికి లేదు.